నీరు పల్లమెరుగు: పళ్లికరణై చిత్తడి నేల వెనుక కథ

నెల్లూరు, గుంటూరు, చిత్తూరు జిల్లాల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చి చెన్నై దక్షిణ శివార్లలో స్థిరపడిన తెలుగువారిలో చాలామంది పల్లావరం–తొరైపాక్కం రేడియల్ రోడ్డు మీదుగా రోజూ ప్రయాణిస్తారు. ఆ రోడ్డుకు ఒకవైపు కనుచూపు మేర నీరు, దానిలో గుంపులుగా కొంగలు, గూడబాతులు కనిపిస్తాయి. ఇంకోవైపు 1980ల నుంచి నగరపు చెత్త పోసిన పెరుంగుడి డంపింగ్ యార్డు ఉంటుంది. ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో కింది అంతస్తులోని కార్లు వరదలో మునగకుండా ముందుగానే ఫ్లైఓవర్ మీదికి చేర్చుకోవలసిన పరిస్థితి ఎందుకు వచ్చిందో తెలుసుకోవాలంటే, ఈ రెండు దృశ్యాల మధ్య ఉన్న పళ్లికరణై చిత్తడి నేల చరిత్రలోకి వెళ్లాలి.

పళ్లికరణై దక్షిణ చెన్నైకి పల్లం. చుట్టుపక్కల ఉన్న సుమారు 30 చెరువుల అలుగు నీరు, నెల్లూరువారి మాటలో చెప్పాలంటే కలుజు నీరు, ఒకదాని నుంచి మరొకదానికి పారి చివరకు ఇక్కడికి చేరుతుంది. ఇక్కడి నుంచి ఒక్కియం మడువు ద్వారా బకింగ్‌హామ్ కాలువలోకి, అక్కడి నుంచి కోవళం వద్ద సముద్రంలోకి పోతుంది. మడువు అంటే మన మడుగే. మంచినీరు పైనుంచి, ఉప్పునీరు సముద్రం వైపు నుంచి వచ్చి కలిసే చోటు కావడం వల్ల అటు మంచినీటి చేపలకూ ఇటు ఉప్పునీటి జీవాలకూ ఇది ఆవాసమైంది.

రెవెన్యూ దస్తరాలు మాత్రం దీనిని పంట పండని బంజరుగా, పోరంబోకుగా లెక్కకట్టాయి. ఆ మాట తెలుగులో తిట్టుగా కూడా మారిందంటే, శిస్తు రాని నేల మీద పాలనకు ఎంత చిన్నచూపు ఉండేదో ఊహించవచ్చు. 1960లలో 5,000 హెక్టార్లకు పైగా ఉండిన చిత్తడి నేలలో చెత్త యార్డు, రైలు మార్గం, ప్రభుత్వ సంస్థల భవనాలు, ఆ తరువాత ఐటీ కారిడార్, దానిని ఆనుకొని అపార్టుమెంట్లు వరుసగా చోటు చేసుకున్నాయి. 2007లో 317 హెక్టార్లను రిజర్వు అటవీ ప్రాంతంగా ప్రకటించారు. 2022లో సుమారు 1,248 హెక్టార్లకు, అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చే రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కొల్లేరుకు అదే గుర్తింపు 2002లోనే దక్కింది. అయినా దానిని ఆక్రమించిన చేపల చెరువుల గట్లను పగలగొట్టడానికి 2006లో పెద్ద కార్యక్రమమే చేపట్టవలసి వచ్చింది కనుక, ఈ విషయంలో చెన్నైని చూసి నవ్వే అర్హత మనకు లేదు.

వాతావరణ మార్పు ఈ కుదించుకుపోయిన నేల మీదికి వచ్చింది. గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. కురిసే రోజు వచ్చినప్పుడు ఆ తేమ తక్కువ గంటల్లో ఎక్కువ నీరుగా దిగుతుంది. చెన్నైకి ఏటా పడే వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాల నుంచే వస్తుంది కాబట్టి ఆ కొద్ది వారాల్లో నీటిని పట్టి నిదానంగా వదిలే నేల ఉండడం నగరానికి ప్రాణావసరం. 2015 డిసెంబరు మొదట్లో తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానకు భూతాపమే కారణమని నిరూపించే స్పష్టమైన సంకేతం శాస్త్రజ్ఞుల విశ్లేషణలో దొరకలేదని ఇక్కడ చెప్పి తీరాలి. అది బలమైన ఎల్‌నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కే స్థితి, ఉన్న సంవత్సరం కూడా. వాన ఎందుకు పడిందన్నది ఒక ప్రశ్న, పడిన వాన ఎక్కడ నిలిచిందన్నది వేరొక ప్రశ్న. రెండో దానికి జవాబు దస్తరాల్లోనే ఉంది.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను చెన్నై తీరాన్ని ఆనుకొని నెమ్మదిగా కదిలి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. వేళచ్చేరి, పళ్లికరణై వీధుల్లో నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. తుఫాను వేళ సముద్రం ఉబ్బి ఉంటుంది కనుక, ఇరుకైన ఒక్క మార్గం గుండా పోవలసిన నీరు ముందుకు కదలక వెనక్కి ఎగదన్నుతుంది. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993–2017 మధ్య ఏటా సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అంకె చిన్నదే గాని, వాలు దాదాపు లేని ఇలాంటి నేలకు అది చిన్నది కాదు.

పక్షులకు ఈ లెక్క మరో రకంగా తగులుతుంది. పులికాట్‌లో, అంటే మన ప్రళయ కావేరిలో, తెలుగువారు చూసి మురిసే రాజహంసలు ఇక్కడికీ వస్తాయి. కానీ అవి నడిచి మేత వెతుక్కోవడానికి నీరు మోకాలి లోతు దాటకూడదు. తేలే ఆకుల మీద గూడు పెట్టే జకానాలకు నీటి మట్టం ఉన్నట్టుండి పెరిగితే గుడ్లు మునుగుతాయి. 2019 వేసవిలోనైతే నగరానికి నీరిచ్చే జలాశయాలు అడుగంటి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు తెచ్చుకోవలసి వచ్చింది. వరద, కరవు ఇలా వెంటవెంటనే వస్తుంటే, రెంటినీ తట్టుకునే గుర్రపుడెక్క, సర్కారు తుమ్మ వంటివే బలపడతాయి. మురుగునీరు వాటికి ఎరువవుతుంది. నిజానికి ఇక్కడ వేడి ఎంత, మురుగు ఎంత అని పాళ్లు తేల్చడం కష్టం. రెండూ ఒకే నీటిలో ఉన్నాయి.

2025లో పర్యావరణ వివాదాలు విచారించే జాతీయ హరిత ట్రైబ్యునల్, రామ్‌సర్ హద్దులోనూ దాని చుట్టూ ఒక కిలోమీటరు మేరా, క్షేత్ర సర్వే, నిర్వహణ ప్రణాళిక పూర్తయ్యే వరకు నిర్మాణ అనుమతులు ఇవ్వవద్దని ఆదేశించింది. దాంతో ఇల్లు కొనుక్కుందామని అడ్వాన్సు కట్టిన కుటుంబాలు, తెలుగు కుటుంబాలు సహా, తమ స్థలం ఆ గీతకు లోపలుందో వెలుపలుందో వాకబు చేసుకోవడం మొదలైంది. వారి చేతిలో ఉండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో ఆ స్థలం ఎవరి నుంచి ఎవరికి మారిందో ఉంటుంది గాని, 1960లలో అక్కడ ఎంత లోతు నీరుండేదో ఉండదు.