ఉన్న కంపెనీ మీద విశ్వాసమా, విదేశంలో కలల ఉద్యోగమా: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను చేసేది విదేశీ నియామకాల పని. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక, సంతకం పెట్టే ముందు నాకు ఫోన్ చేసేవాళ్ళలో జీతం గురించి అడిగేవాళ్ళు తక్కువే. "ఇక్కడ నన్ను బాగా చూసుకున్నారండీ, ఇప్పుడు వదిలేసి వెళ్తే తప్పవుతుందేమో" అనే మాటే ఎక్కువగా వింటాను. అలా అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఆ బాధలో ఉన్నప్పుడు కొన్ని తప్పుడు నమ్మకాల మీద నిర్ణయాలు తీసేసుకుంటారు, అది చూస్తే మాత్రం కష్టంగా ఉంటుంది.

అపోహ: ఇన్నాళ్ళు జీతమిచ్చిన కంపెనీని వదిలి వెళ్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టే.

వాస్తవం: మీరు పని చేశారు, వాళ్ళు జీతం ఇచ్చారు, ఆ లెక్క నెలనెలా తీరిపోతూనే ఉంది. ఒప్పందంలో నోటీసు పీరియడ్ అని ఒక క్లాజు ఉందంటేనే, ఎప్పుడో ఒకప్పుడు మీరు వెళ్తారని లేదా వాళ్ళే మిమ్మల్ని పంపిస్తారని చేరిన రోజే ఇద్దరూ ఒప్పుకున్నట్టు. అమెరికాలోనైతే ఒక్క మోంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నిట్లో, ప్రత్యేకంగా ఒప్పందం లేకపోతే, ఏ పక్షమైనా నోటీసు లేకుండానే ఉద్యోగాన్ని ముగించవచ్చన్నది మామూలు నియమం.

అయితే మనుషుల రుణం వేరు, అది నిజంగానే ఉంటుంది. ఏమీ తెలియని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన సీనియర్, ఇంట్లో కష్టమొస్తే సెలవు ఇప్పించి మీ పని తన నెత్తిన వేసుకున్న మేనేజర్, వీళ్ళకి మీరు బాకీ ఉన్నారు. ఆ బాకీని కల వదులుకుని తీర్చాలని వాళ్ళెవరూ అడగరు, కానీ మీరు వెళ్ళే తీరును మాత్రం గుర్తు పెట్టుకుంటారు.

నేను చూసిన ఒక టెస్టింగ్ లీడ్ సంగతి చెప్తాను. కొత్త కంపెనీ నాలుగు వారాల్లో చేరమంది, ఇక్కడేమో టీమ్ పెద్ద రిలీజ్ మధ్యలో ఉంది. ఆవిడ చేరే తేదీని రెండు నెలలు వాయిదా వేయమని మర్యాదగా ఒక మెయిల్ రాసింది, వాళ్ళు సరేనన్నారు. ఆ రెండు నెలల్లో ఆవిడ రాసి పెట్టిన హ్యాండోవర్ ఫైల్ నాకూ చూపించింది. నెలాఖరున ఏ రిపోర్ట్ ఎందుకు ఆగిపోతుంది, ఏ సర్వర్ యాక్సెస్ ఎవరి దగ్గర ఉంది, ఏ క్లయింట్‌కి మెయిల్ పెడితే జవాబు రాదు కాబట్టి ఫోనే చేయాలి, ఇలాంటివి. విశ్వాసం అంటే నా దృష్టిలో ఆ ఫైలే.

అపోహ: ఆఫర్ వచ్చింది కాబట్టి వెంటనే రాజీనామా ఇచ్చేయడమే నిజాయితీ.

వాస్తవం: దయచేసి ఆగండి. విదేశీ ఆఫర్లు చాలావరకు షరతులతో వస్తాయి: వీసా రావాలి, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పూర్తవ్వాలి, కొన్ని వృత్తులకు డిగ్రీ గుర్తింపు కూడా కావాలి. జర్మనీలో డాక్టర్లకు, నర్సులకు ఆ గుర్తింపు లేకుండా పూర్తి స్థాయి పని కుదరదు. అమెరికా హెచ్-1బి (అక్కడ ఉద్యోగానికిచ్చే వీసా) అయితే ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్ళకు మరో 20,000, అంతే. దరఖాస్తులు అంతకు మించితే ఎంపిక జరుగుతుంది, ఎంపికైనా పని మొదలయ్యేది అక్టోబర్ 1 నుంచే, ఆ లోపు ఏమైనా జరగొచ్చు. వీసా చేతికొచ్చాకే రాజీనామా ఇవ్వడం మోసం కాదు. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మీ జీతం మీదే నడుస్తున్నాయి కదా. మీ మేనేజర్ మీద పూర్తి నమ్మకం ఉంటే ముందే ఓ మాట చెప్పుకోవచ్చు, లేకపోతే నోరు విప్పనక్కర్లేదు.

అపోహ: ఒక్కసారి అక్కడికి చేరితే ఇక టెన్షన్ ఉండదు.

ఇది నన్ను బాగా భయపెట్టే నమ్మకం. ఇక్కడ ఉద్యోగం పోతే ఉద్యోగమే పోతుంది, అక్కడ చాలాసార్లు దానితోపాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా కదులుతుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోయాక మరో దారి వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. జర్మనీలో ప్రొబేషన్ ఆరు నెలల దాకా పెట్టుకోవచ్చు, ఆ కాలంలో రెండు వారాల నోటీసుతో పంపించేయవచ్చు. జీవిత భాగస్వామి సంగతి కూడా ముందే చూసుకోండి: జర్మనీలో బ్లూ కార్డ్ (చదువుకున్న నిపుణులకిచ్చే పని, నివాస అనుమతి) ఉన్నవాళ్ళ భాగస్వామి పని చేసుకోవచ్చు, సింగపూర్‌లో 2021 మే నుంచి డిపెండెంట్ పాస్ (ఉద్యోగి కుటుంబానికిచ్చే నివాస అనుమతి) మీద ఉన్నవాళ్ళలో చాలామందికి పని చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ కావాలి. ఇద్దరి సంపాదన మీద నడిచే ఇల్లు ఒక్కరి సంపాదన మీదకు వస్తే, కలల జీతం కూడా చాలకపోవచ్చు.

సంతకానికి ముందు అడగండి: వీసా ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే రీలొకేషన్ డబ్బు, అంటే అక్కడికి మారడానికి వాళ్ళిచ్చిన ఖర్చు, తిరిగి కట్టాలా, వాళ్ళే తీసేస్తే కూడా కట్టాలా. ఆ చివరి ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు.

అపోహ: జీతం పెంచి ఆపారు కాబట్టి ఉండిపోతే ఇద్దరికీ మంచిదే.

మీరు వెళ్ళాలనుకున్నది డబ్బు కోసమే అయితే, అవును, మంచిదే. వేరే పని, వేరే దేశం, పిల్లల చదువు కోసమైతే పెంచిన జీతం ఆ కారణాన్ని కదిలించలేదు, కొన్నాళ్ళకు మళ్ళీ అదే ఆలోచన మొదలవుతుంది. అప్పటికి ఆ ఆఫర్ ఉండదు.

అపోహ: విదేశం వెళ్ళాలంటే ఈ కంపెనీని వదలాల్సిందే.

అక్కడ శాఖ ఉందేమో ముందు కనుక్కోండి. ఒకే సంస్థలో బదిలీ మీద అమెరికా వెళ్ళేవాళ్ళకిచ్చే ఎల్-1 వీసాకు, గత మూడేళ్ళలో కనీసం ఒక ఏడాది ఏకధాటిగా అదే సంస్థకో దాని అనుబంధ సంస్థకో అమెరికా బయట పని చేసి ఉండాలి, అదీ మేనేజర్ లేదా ప్రత్యేక నైపుణ్యం ఉన్న హోదాలో. యూరోపియన్ యూనియన్‌లో చాలా దేశాల్లోనూ ఇలాంటి బదిలీలకు మూడేళ్ళ దాకా అనుమతి ఉంది. అయితే ఎల్-1 మీద వెళ్ళినవాళ్ళు ఆ వీసాతో వేరే యజమాని దగ్గరికి మారలేరు, అది తెలిసే వెళ్ళండి.

అపోహ: ఒకసారి బయటికొచ్చాక పాత కంపెనీతో పనేముంటుంది?

చాలా ఉంటుంది. మళ్ళీ తీసుకోవచ్చా లేదా అన్నది చాలా కంపెనీల రికార్డులో నమోదవుతుంది, మీ చివరి వారాలు ఎలా గడిచాయన్నది అక్కడ లెక్కలోకి వస్తుంది. ఇంకో సంగతి, కెనడాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ద్వారా శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు పాత కంపెనీ లెటర్‌హెడ్ మీద హోదా, విధులు, వారానికి పని గంటలు, జీతం రాసిన ఉత్తరం అడుగుతారు. ఏళ్ళు గడిచాక హెచ్‌ఆర్‌లో మనుషులు మారిపోతారు, మీ మేనేజర్ కూడా అక్కడ ఉండకపోవచ్చు. రిలీవింగ్ లెటర్‌తో పాటు ఆ వివరాలన్నీ ఉన్న అనుభవ పత్రం కూడా చివరి రోజుకు ముందే అడిగి తీసుకోండి, డ్రాఫ్ట్ మీరే రాసిస్తే పని తొందరగా అవుతుంది.