గ్యాలరీ నిండేదెలా? ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ లీగ్: అపోహలు - వాస్తవాలు

2023 మార్చి 15న సిడ్నీలోని కుడోస్ బ్యాంక్ అరీనాలో సిడ్నీ కింగ్స్, న్యూజిలాండ్ బ్రేకర్స్ జట్ల మధ్య జరిగిన గ్రాండ్ ఫైనల్ (అయిదు మ్యాచ్‌ల తుది సిరీస్) ఐదో మ్యాచ్‌ను 18,124 మంది ప్రత్యక్షంగా చూశారు. 1979లో మొదలైన ఆస్ట్రేలియా జాతీయ బాస్కెట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌బీఎల్ చరిత్రలో అప్పటికి అదే అత్యధిక హాజరు. క్రికెట్, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, రగ్బీ లీగ్ ఏలుతున్న దేశంలో, ఒక దశలో పేరున్న జట్లే మూతపడిన లీగ్‌కు ఇంత జనం ఎలా వచ్చారని మన వైపు క్రీడా నిర్వహణ చదువుతున్న విద్యార్థులు, లీగ్‌ల నిర్వహణలో ఉన్న మిత్రులు అడుగుతుంటారు. ఈ లీగ్‌లోని ఒక క్లబ్బులో టికెట్లు, సభ్యత్వాలు చూసే విభాగంలో పనిచేస్తున్నాను కాబట్టి ఆ ప్రశ్నలు నా దాకా వస్తాయి. ప్రశ్నతో పాటు జవాబు కూడా వారే ఊహించుకుని వస్తారు. ఆ ఊహల్లో ఎక్కువ భాగం పొరపాటు. ఫైనల్‌కు జనాన్ని రప్పించడానికి మేం పెద్దగా శ్రమపడనక్కర్లేదు. నవంబరులో ఒక గురువారం రాత్రి, పట్టికలో అట్టడుగున ఉన్న జట్టుతో ఆడే మ్యాచ్‌కు ఎవరొస్తారన్న దాని మీదే మా జీతాలు ఆధారపడి ఉంటాయి.

అపోహ: జట్టు గెలుస్తుంటే జనం వాళ్లంతట వాళ్లే వస్తారు.

గెలుపు అక్కర్లేదని ఎవరూ అనరు. పెర్త్ వైల్డ్‌క్యాట్స్ 1987 నుంచి 2021 వరకు ఒక్క సీజన్ కూడా తప్పకుండా ఫైనల్స్ దశకు చేరింది. ఆ నగరంలో తండ్రి అభిమానించిన జట్టునే పిల్లలూ అభిమానించడానికి అదొక పెద్ద కారణం. అయితే ఇదే లీగ్‌లో బ్రిస్బేన్ బులెట్స్ 2007లో టైటిల్ గెలిచి, మరుసటి ఏడాదే లీగ్ నుంచి తప్పుకుంది. 2003, 2004, 2005 సంవత్సరాల్లో వరుసగా విజేతగా నిలిచిన సిడ్నీ కింగ్స్, 2008లో గ్రాండ్ ఫైనల్ ఆడిన కొద్ది నెలలకే లైసెన్సు పోగొట్టుకుంది. రెండు చోట్లా యజమానుల ఆర్థిక ఇబ్బందులే అసలు కారణమన్నది నిజం. కానీ గేటు రాబడి మీద సొంతంగా నిలబడే శక్తి ఉన్న క్లబ్బు, యజమాని చేతులెత్తేసినంత మాత్రాన అంత త్వరగా కనుమరుగు కాదని నా అభిప్రాయం. కింగ్స్ 2010లో, బులెట్స్ 2016లో తిరిగి వచ్చాయి. మధ్యలో పోయిన ఏళ్లలో పదేళ్ల పిల్లలు వేరే ఆటల జెర్సీలు వేసుకున్నారు.

అపోహ: ఒక్క పెద్ద తారను తెస్తే చాలు.

2019లో లామెలో బాల్ అనే, అప్పటికే పేరు మోసిన అమెరికన్ కుర్రవాడు ఇలవారా హాక్స్ తరఫున ఆడటానికి ఆ జట్టు సొంత ఊరైన వూలన్‌గాంగ్ వచ్చాడు. ఆ నవంబరులో హాక్స్ జట్టు సిడ్నీకి వచ్చినప్పుడు 17,514 మంది హాజరయ్యారు, అప్పటికి అది లీగ్ రికార్డు. ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. దాని తరువాయి భాగాన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు. అతను 12 మ్యాచ్‌లు ఆడాక పాదానికి గాయమై తప్పుకున్నాడు. హాక్స్ 28 మ్యాచ్‌లలో అయిదే గెలిచి అట్టడుగున నిలిచింది. 2020లో క్లబ్బు ఆర్థికంగా చితికి కొత్త యజమానుల చేతికి వెళ్లింది. పైగా ఆ రికార్డు హాజరు నమోదైంది సిడ్నీ క్లబ్బు గేటు దగ్గర, అతను ఆడిన క్లబ్బు గేటు దగ్గర కాదు. తారను చూడటానికి వచ్చినవారి పేర్లు, ఈమెయిళ్లు, వాళ్లు ఏ శివారు నుంచి వచ్చారన్న వివరం మన దగ్గర మిగిలితేనే తార వల్ల లాభం. ఆ వివరాలు పట్టుకోకుండా స్టాండు నింపుకున్న క్లబ్బుకు మరుసటి వారం మళ్లీ మొదటికొస్తుంది.

అపోహ: మొదట ఉచిత పాసులు పంచితే, అలవాటు పడినవారు తర్వాత కొనుక్కుంటారు.

మా రంగంలో ఎంత చెప్పినా చావని నమ్మకం ఇది. డబ్బు పెట్టని టికెట్‌కు వాన పడినా, పిల్లవాడు తుమ్మినా, టీవీలో ఏదైనా మంచి కార్యక్రమం వచ్చినా మొదటి వేటు పడుతుంది. గేటు దగ్గర స్కానర్ల లెక్క చూసేవారికి ఇది మొదటి క్వార్టర్ ముగిసేలోపే తెలిసిపోతుంది: డబ్బిచ్చి కొన్నవారి బ్లాకులు నిండి ఉంటాయి, పాసులిచ్చిన బ్లాకులో నాలుగు కుర్చీలకు ఒకరు కూర్చుని ఉంటారు. అంతకన్నా పెద్ద నష్టం పక్క బ్లాకులో జరుగుతుంది. సీజన్ మొత్తానికి సభ్యత్వం కట్టిన మనిషి, తన పక్కన కూర్చున్న కుటుంబం పైసా ఇవ్వకుండా వచ్చిందని తెలుసుకున్న రోజునే తన సభ్యత్వం పునరుద్ధరించుకోవాలా వద్దా అని ఆలోచించడం మొదలుపెడతాడు.

దీనికి బదులు చాలా క్లబ్బులు చేసే పని చూడటానికి చాలా చిన్నది. విరామ సమయంలో స్థానిక జూనియర్ క్లబ్బుల నుంచి పదేళ్ల లోపు పిల్లల జట్లు రెండింటిని కోర్టు మీదికి పిలిచి కొద్ది నిమిషాలు ఆడనిస్తారు. కోర్టు మీద పది మంది పిల్లలుంటే, వాళ్ల అమ్మానాన్నలు, తోబుట్టువులు, వీలైతే తాతయ్యలు, అమ్మమ్మలు డబ్బిచ్చి కొన్న టికెట్లతో ఒకే వరుసలో కూర్చుని ఉంటారు. ధర తక్కువే, కానీ ధరంటూ ఉంటుంది. పెద్ద రింగుకు బంతి అందించలేక పిల్లలు అవస్థ పడుతుంటే అరీనా అంతా కేకలు వేస్తుంది. ఎవరైనా ఒక్క బుట్ట వేస్తే ఆ రాత్రి అసలు మ్యాచ్‌లో పడిన ఏ మూడు పాయింట్ల షాట్‌కూ రానంత చప్పుడు వస్తుంది. మా అసలు పని మర్నాటి నుంచి మొదలవుతుంది. మొదటిసారి కొన్నవారి జాబితా తీసి, రెండోసారి రావడానికి వారికి అనువైన తేదీ ఏదో ఫోన్ చేసి అడుగుతాం. పిల్లవాడు కోర్టు మీద ఆడనప్పుడు కూడా ఆ కుటుంబం వచ్చిందంటే అది రెండో రాక. అదే సీజన్‌లో మూడోసారి కూడా వచ్చిందంటే, తర్వాతి ఏడాది సభ్యత్వం గురించి వారితో మాట్లాడటానికి మాకు ధైర్యం వస్తుంది. మొదటి రాకకు ప్రకటన చాలు, తార చాలు, స్నేహితుడి పుట్టినరోజు చాలు. మూడో రాకను మాత్రం ఏ ప్రకటనా తీసుకురాలేదు. క్లబ్బు ఖర్చులో, సిబ్బంది సమయంలో పెద్ద వాటా దానికే పోవాలన్నది ఈ పనిలో నేను గట్టిగా పట్టుకున్న మాట.

అపోహ: పెద్ద అరీనాకు మారితే ప్రేక్షకులు పెరుగుతారు.

పెర్త్ ఉదాహరణ చూసి ఈ మాట అంటారు. అక్కడ వైల్డ్‌క్యాట్స్ 2012 చివర్లో ఛాలెంజ్ స్టేడియం నుంచి కొత్తగా కట్టిన పెర్త్ అరీనాకు మారింది. పాత చోట అయిదు వేల మందికి కూడా చోటు లేదు, కొత్త చోట పది వేలు దాటి వచ్చారు. అయితే పాత చోట టికెట్ దొరకక వెనక్కి వెళ్లినవారు అప్పటికే ఆ నగరంలో ఉన్నారన్నది మరిచిపోకూడదు. కొరత ముందు పుట్టింది, కుర్చీలు తర్వాత వచ్చాయి.

దీనికి ఎదురుగా టాస్మేనియాను చూడండి. 1996లో హోబార్ట్ డెవిల్స్ పోయాక ఆ రాష్ట్రానికి పాతికేళ్లు ఈ లీగ్‌లో జట్టే లేదు. 2021లో జాక్‌జంపర్స్ వచ్చినప్పుడు హోబార్ట్‌లో వారికి దొరికింది నాలుగు వేల పైచిలుకు కుర్చీల అరీనా. మరీ చిన్నదని అప్పట్లో పెదవి విరిచినవారున్నారు. చిన్నదవడం వల్లే టికెట్ ముందుగా కొనకపోతే దొరకదన్న సంగతి ఊరంతటికీ త్వరగా అర్థమైంది. సభ్యత్వం ఉంటేనే కుర్చీ ఖాయమన్న ఆలోచన దాని వెనకే వచ్చింది. జట్టు తొలి సీజన్‌లోనే గ్రాండ్ ఫైనల్‌కు చేరడం, 2024లో టైటిల్ గెలవడం దానికి తోడయ్యాయి. పద్దెనిమిది వేల అరీనాలో అయిదు వేల మంది కూర్చుంటే టీవీలో ఖాళీ కుర్చీలే కనిపిస్తాయి. అందుకే పెద్ద అరీనాల్లో పై అంతస్తుకు నల్ల తెరలు దింపుతారు. తెర దింపడానికి సిగ్గుపడే యాజమాన్యాలు ఉన్నాయి, ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: లక్షల మంది పిల్లలు ఈ ఆట ఆడుతున్నారు కాబట్టి వారంతా మన ప్రేక్షకులే.

ఆస్ట్రేలియాలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు కొదవ లేదు. చిక్కు ఏమిటంటే, మన మ్యాచ్ జరిగే వేళకు వాళ్లు కూడా ఎక్కడో ఆడుతుంటారు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ప్రతిభ గల జూనియర్ల ప్రాతినిధ్య పోటీలు శుక్రవారం రాత్రుల్లో జరుగుతాయి. స్థానిక పోటీలకు శనివారం. అంటే మెల్‌బోర్న్‌లో శుక్రవారం రాత్రి హోమ్ మ్యాచ్ పెడితే, ఈ ఆటను అందరికన్నా ఎక్కువగా ప్రేమించే పిల్లలు, వారిని కారులో తిప్పే తల్లిదండ్రులు, వారి కోచ్‌లు అదే సమయానికి నగరం నలుమూలలా వేరే వేరే ఇండోర్ స్టేడియాల్లో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్ ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది, మర్నాడు బడి ఉన్నా పిల్లలను వేళకు పడుకోబెట్టవచ్చు.

నిజానికి హాజరు గురించిన చర్చంతా షెడ్యూలు దగ్గర మొదలవ్వాలి. ఈ లీగ్ 1998లో చలికాలం నుంచి వేసవికి మారింది, ఫుట్‌బాల్, రగ్బీల నీడ నుంచి తప్పించుకోవడానికి. అలా మారి క్రికెట్ ఎదురుగా కూర్చుంది, 2011 నుంచి బిగ్ బాష్ కూడా తోడైంది. మార్పు తప్పని కొందరు, ఒప్పని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నా మటుకు నాకు వేసవే మేలు: డిసెంబరు మూడో వారం నుంచి జనవరి చివరి దాకా బడి సెలవులు, అందువల్ల బుధవారం రాత్రి మ్యాచ్‌కు కూడా పిల్లలు రాగలరు, బయట ఎండ మండుతుంటే లోపల ఏసీ ఉంటుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ కోసం మెల్‌బోర్న్ పార్క్ క్రీడా ప్రాంగణం మొత్తం అటు వెళ్లిపోతుంది, అందులోనే ఉన్న జాన్ కెయిన్ అరీనాలో ఆడే మెల్‌బోర్న్ యునైటెడ్ ఆ రోజుల్లో సొంత కోర్టుకు దూరం కావాల్సిందే. సిడ్నీలో అయితే సంగీత కచేరీల తేదీలతో ఇదే పోటీ. ఒక సీజన్‌లో హోమ్ మ్యాచ్‌లు పదిహేనుకు అటూ ఇటూగానే ఉంటాయి. వాటి మధ్య మూడు నాలుగు వారాల ఖాళీ వస్తే అంతవరకు కూడబెట్టిన అలవాటు సగం కరిగిపోతుంది.

ఇక గడియారాల సంగతి. వేసవిలో ఈ లీగ్ నగరాల మధ్య అయిదు రకాల స్థానిక సమయాలు నడుస్తాయి. న్యూజిలాండ్ బ్రేకర్స్ ఊరైన ఆక్లండ్‌కూ పెర్త్‌కూ అయిదు గంటల తేడా. తూర్పు తీరంలోని టీవీ ప్రేక్షకులకు నచ్చే వేళ పెర్త్‌లో జనం ఇంకా ఆఫీసుల్లో ఉండే వేళ. ప్రసారకర్త డబ్బిస్తాడు కాబట్టి అతని మాట నెగ్గుతుంది, మేం మాత్రం ప్రతి ఏటా అభ్యంతరం రాసి పంపుతూనే ఉంటాం.

అపోహ: టీవీలో వస్తే గ్యాలరీ ఖాళీ అవుతుంది.

వేళ కుదరకపోతే అవుతుంది, ప్రసారం వల్ల కాదు. ఆటగాడి పేరు తెలియని ఇంటి నుంచి టికెట్ కొనడానికి ఎవరూ రారు, ఆ పేరు తెలిసేది తెర మీదే.

అపోహ: ఒక సాంస్కృతిక రాత్రి పెడితే భారతీయ కుటుంబాలు ప్రేక్షకులైపోతాయి.

ఈ ప్రతిపాదన సమావేశంలోకి వచ్చినప్పుడల్లా అందరూ నా వైపు చూస్తారు. సిడ్నీ పశ్చిమ శివార్లలో వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్, ఇంకా ఉత్తరాన స్కోఫీల్డ్స్ వైపు తెలుగు కుటుంబాలు దండిగా ఉన్నాయి, ఒలింపిక్ పార్క్‌లోని కుడోస్ బ్యాంక్ అరీనా వారికి నగర కేంద్రం కన్నా దగ్గర. విరామంలో భాంగ్రా నృత్యం పెట్టి, తెలుగువారిని, తమిళులను, పంజాబీలను ఒకే మూసలో పోస్తే ఆ ఒక్క రాత్రికి ఫొటోలు బాగా వస్తాయి. మళ్లీ రావడానికి కావలసినవి వేరు: పది కుటుంబాలు కలిసి కూర్చునే వరుస, మాంసం తగలని తిండి దొరికే ఒక్క కౌంటరైనా, ఆదివారం తెలుగు బడి వేళతో ఢీకొనని మ్యాచ్. ఇంట్లో పెద్దలు క్రికెట్ మనుషులు, బడిలో బాస్కెట్‌బాల్ ఆడుతున్నది పిల్లలు. కాబట్టి పిలుపు పిల్లల జట్టు ద్వారా వెళ్లాలి, సంఘం అధ్యక్షుడి ద్వారా వెళ్తే అధ్యక్షుడి బంధువులే వస్తారు.

అపోహ: మ్యాచ్ మధ్యలో తెర మీద చూపే సంఖ్యే హాజరు.

ఆ సంఖ్యలో అమ్ముడైన టికెట్లు, స్పాన్సర్ల కోటా, ఆ రాత్రి రాని సభ్యులు కూడా కలిసి ఉండవచ్చు; ఏవి కలపాలన్నది లీగ్‌ను బట్టి, క్లబ్బును బట్టి మారుతుంది. అందులో మోసం లేదు, కానీ దాన్ని నమ్ముకుని తర్వాతి నెల ప్రణాళిక వేస్తే దెబ్బతింటాం. మా విభాగం రెండు అంకెలు పక్కపక్కన రాస్తుంది: గేటు దగ్గర స్కాన్ అయినవి ఎన్ని, వాటిలో ఈ సీజన్‌లో ఇంతకుముందు కూడా వచ్చినవారి ఖాతాల నుంచి వచ్చినవి ఎన్ని. మొదటి అంకె పెరిగి రెండోది పెరగకపోతే ఆ రాత్రి అరీనా ఎంత కిటకిటలాడినా మర్నాడు ఫోన్ చేయాల్సిన జాబితా పొడుగ్గా ఉంటుంది. ప్రాయోజకులకు మొదటి అంకె వెళ్తుంది. రెండోదాన్ని కోచ్ గానీ, యజమాని గానీ ఇంతవరకు అడిగిన గుర్తు లేదు, ఆర్థిక విభాగంవారు మాత్రం సభ్యత్వాల పునరుద్ధరణ మొదలయ్యే నెలలో తప్పకుండా అడుగుతారు.