సగటు నీళ్లు ఎవరూ తాగరు

ఒక ఊళ్లో తాగునీటి బోర్లు పది ఉన్నాయనుకుందాం. పదింటి నీళ్లూ పరీక్ష చేయించారు. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ అని ఇలా లెక్క వచ్చింది: 0.6, 0.7, 0.7, 0.8, 0.9, 1.0, 1.1, 1.2, 2.9, 4.6. అన్నీ కూడి పదితో భాగిస్తే 1.45. మన దేశ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఒక మిల్లీగ్రాము దాటకూడదు; వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. కాబట్టి కాగితం మీద ఈ ఊరు గట్టెక్కినట్టే.

ఇప్పుడు ఆ 4.6 బోరు బడి పక్కన చేతిపంపు అనుకోండి. వెయ్యిమంది జనంలో నాలుగు వందల మంది అక్కడే బిందెలు నింపుకుంటారు. ఇంకో రెండు వందల మంది 2.9 బోరు దగ్గరికి వెళతారు. మిగిలిన ఎనిమిది బోర్లకు తలా యాభై మంది. మనుషుల లెక్కన సగటు కడితే 2.77 వస్తుంది. నూటికి అరవై మంది 1.5 పరిమితి కూడా దాటిన నీళ్లే తాగుతున్నారు. నీటి పరీక్షలో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. బోర్లను లెక్కపెట్టి మనుషులను వదిలేయడం వల్ల వచ్చిన తేడా ఇది.

ఈ ఊరు నేను ఊహించి చెప్పినదే. అయితే మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు వారికి ఇలాంటి ఊళ్ల గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడ్ ఎక్కువైన నీళ్లు తాగడం వల్ల పళ్లకు, ఎముకలకు వచ్చే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి ఎ. హెచ్. సిద్దిఖీ రాసిన పత్రం 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. వంగిన నడుములను, బిగిసిన మెడలను వైద్యులు అప్పటికే చూశారు. వ్యాధి ఉందా లేదా అన్నది ఎప్పుడో తేలిపోయింది. ఏ వీధిలో, ఏ వయసువారికి, ఎంత, ఇప్పుడు తగ్గుతోందా అన్న ప్రశ్నలకు మాత్రం వైద్యంతో పాటు గణాంకశాస్త్రమూ కంప్యూటరూ కావాలి. ఆ లెక్కలు ఎలా నడుస్తాయో తెలుసుకోవాల్సిన అవసరం మిగతా జిల్లాల కన్నా మనకే ఎక్కువ అని నా నమ్మకం.

ముందు భూమి కిందికి వెళదాం. ఇక్కడి రాయి గ్రానైట్. అందులోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. పగుళ్లలో నిలిచిన నీరు రాతితో ఎంతకాలం ఒరుసుకుంటే అంత ఫ్లోరైడ్ అందులోకి దిగుతుంది. దాన్ని అడ్డుకోగలది కాల్షియం. నీటిలో కాల్షియం తగినంత ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి ఫ్లోరైట్‌గా పేరుకుంటుంది, నీటిలో మోతాదు ఒక స్థాయి దాటదు. కానీ బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న చోట కాల్షియం ముందే సున్నపు పదార్థంగా విడిపోతుంది. చెలక దున్నినప్పుడు నాగలికి తగిలే తెల్లటి సున్నపు గడ్డలు అలా విడిపోయిన కాల్షియమే. అవి పుట్టిన కొద్దీ నీటిలో ఫ్లోరైడ్‌కు పగ్గం లేకుండా పోతుంది.

దీనికి సాగు కూడా తోడవుతుంది. బోరు నీటితో వరి వేస్తాం. మడిలో నిలిచిన నీరు కొంత ఆవిరవుతుంది, మిగిలినది లవణాలతో చిక్కబడి మళ్లీ నేలలోకి ఇంకుతుంది, దాన్నే మళ్లీ తోడతాం. హైదరాబాద్‌కు దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్ల తరబడి ఈ చక్రాన్ని అధ్యయనం చేశారు. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న ప్రాంతంలో సాగు బోర్లే ఏడు వందలకు పైగా ఉన్నాయి. రాయి, నీరు, ఆవిరి, తోడకం అన్నింటినీ రసాయన సమీకరణాలుగా కంప్యూటర్‌కు అప్పగిస్తే, వరి నీరు తిరిగి ఇంకడం వల్ల ఫ్లోరైడ్ ఎలా పేరుకుంటుందో ఏడాది ఏడాదికీ లెక్కకట్టవచ్చు.

ఇక పటం సంగతి. నలభై బోర్లను పరీక్షించాం. వాటి మధ్య ఉన్న వందల ఎకరాల్లో నీరు ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు జవాబు బంగారు గనుల నుంచి వచ్చింది. దక్షిణాఫ్రికాలో డానీ క్రీగె అనే గని ఇంజినీరు కొన్ని రంధ్రాల్లో దొరికిన నమూనాలను బట్టి మిగతా రాతిలో బంగారం ఎంత ఉంటుందో అంచనా వేసే పని మీద 1951లో పరిశోధన సమర్పించాడు. 1960లలో ఫ్రాన్సులో జార్జ్ మాథెరాన్ దానికి గణిత పునాది వేసి, క్రీగె పేరు మీదే క్రీగింగ్ అని పిలిచాడు.

పద్ధతి ఇది. ఏవైనా రెండు బోర్లను జతగా తీసుకుని వాటి మధ్య దూరం రాసుకుంటాం. ఫ్లోరైడ్ విలువల తేడాను వర్గం చేసి అందులో సగం పక్కన రాసుకుంటాం. నలభై బోర్లకు ఇలాంటి జతలు 780 వస్తాయి. ఎక్కువ బోర్లలో తక్కువ, కొన్నింటిలో మాత్రం విపరీతం అన్నట్టు ఉంటాయి కాబట్టి ముందుగా విలువలకు లాగరిథమ్ తీసుకోవడం మంచిది. దూరాన్ని బట్టి ఈ సగాల సగటు ఎలా పెరుగుతుందో గీస్తే ఒక గీత వస్తుంది. దాన్ని వేరియోగ్రామ్ అంటారు. అది ఎక్కడ చదునవుతుందో, అంతకన్నా దూరంలో ఉన్న బోరు మన బోరు గురించి ఏమీ చెప్పలేదు. ఆ గీతను బట్టే దగ్గరి బోర్లకు ఎంత విలువ ఇవ్వాలో, దూరపు వాటికి ఎంత ఇవ్వాలో నిర్ణయమవుతుంది.

నల్లగొండ లాంటి చోట అసలు చిక్కు ఈ గీత మొదట్లోనే ఉంది. దూరం సున్నాకు దగ్గరవుతుంటే తేడా కూడా సున్నాకు దిగాలి. దిగదు. పక్కపక్కనే ఉన్న రెండు బోర్లు వేర్వేరు పగుళ్లను తాకితే ఒకదాంట్లో మంచి నీరు, రెండోదాంట్లో చేటు నీరు పడతాయి. గీత మొదట్లోనే కనిపించే ఈ ఎత్తును నగ్గెట్ అంటారు. ఒక రంధ్రంలో బంగారు ముద్ద దొరికి, పక్క రంధ్రంలో ఏమీ దొరక్కపోవడం నుంచి వచ్చిన పేరు. చౌటుప్పల్ దగ్గర ఉన్న భూగర్భజల పరిశోధన క్షేత్రంలో బోర్లను దగ్గరదగ్గరగా తవ్వి, గట్టి రాతి పగుళ్లు నీటిని ఎలా నడిపిస్తాయో పరిశీలిస్తున్నది కూడా ఈ అనిశ్చితిని అర్థం చేసుకోవడానికే. నగ్గెట్ పెద్దదైతే ఏ పటమైనా మనకు చెప్పగలిగింది తక్కువ. అక్కడ ప్రతి బోరునూ విడిగా పరీక్షించడం తప్ప వేరే దారి లేదు.

క్రీగింగ్‌లో నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేది వేరే ఉంది. అది ప్రతి చోటుకూ అంచనాతో పాటు ఆ అంచనాలో ఎంత పొరపాటు ఉండవచ్చో కూడా ఇస్తుంది. అంటే పటాలు రెండు వస్తాయి. ఇంకొంచెం మార్చి వాడితే, ఇక్కడ ఫ్లోరైడ్ 1.5 దాటే అవకాశం నూటికి ఎంత అన్నది నేరుగా చెబుతుంది. చాలా నివేదికలు మొదటి పటాన్ని రంగుల్లో అచ్చువేసి రెండోదాన్ని వదిలేస్తాయి. దీన్ని నేను చిన్న లోపంగా చూడలేను. పచ్చ రంగు పూసిన చోట అసలు బోరే పరీక్షించలేదని తెలియకపోతే, ఆ రంగును నమ్మి తాగేది మనమే.

ఇంజినీరు దగ్గరా ఇదే గొడవ. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసేసేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) 1970లలో రూపొందించిన నల్లగొండ పద్ధతి ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. నీటిలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడరు కలిపి, తిప్పి, తేరనిచ్చి, వడకడతారు. పటిక ఎంత వేయాలన్నది నీటి ఫ్లోరైడ్‌ను, క్షారతను రెండింటినీ బట్టి పట్టికలో చూసుకోవాలి. ఏడాది సగటుకు సరిపడా పటిక వేస్తూ పోతే వేసవి నీటికి అది చాలదు; ఎక్కువ వేస్తే అల్యూమినియం నీటిలో మిగులుతుంది.

నీటి దగ్గరి నుంచి ఒంటి దగ్గరికి వస్తే ఇంకో గుణకారం ఉంది: లీటరుకు ఎంత అన్నదాన్ని ఎన్ని లీటర్లతో హెచ్చవేయాలి? 1957లో గలాగన్, వెర్మిలియన్ అనే పరిశోధకులు కాలిఫోర్నియా పిల్లలు తాగే నీటిని ఎండతో ముడిపెట్టి ఒక సూత్రం కట్టారు. రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 10 డిగ్రీల సెల్సియస్ ఉన్న చోట పళ్లకు తగిన ఫ్లోరైడ్ లీటరుకు 1.25 మిల్లీగ్రాములని ఆ సూత్రం చెబుతుంది. అదే సూత్రంలో మన వైపు ఎండకు తగ్గట్టు 34 డిగ్రీలు వేసి చూడండి, 0.63 వస్తుంది. సగానికి సగం. మే నెలలో ఉపాధి పనికి వెళ్లే మనిషి అయిదు లీటర్లు తాగితే, 1.5 పరిమితి లోపలి నీటితోనే రోజుకు ఏడున్నర మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. నీడన కూర్చుని రెండు లీటర్లు తాగేవారికి మూడు. ఇద్దరినీ కలిపి ఒక సగటు రాస్తే ఇద్దరికీ అన్యాయమే. అందుకే ఇప్పటి పరిశోధకులు ఒకే సంఖ్య పెట్టరు. తాగే నీరు, బరువు, ఫ్లోరైడ్ మోతాదు ఎన్ని రకాలుగా ఉండవచ్చో చెప్పి, కంప్యూటర్ చేత వేలసార్లు యాదృచ్ఛికంగా ఎంపిక చేయించి, ఎంతమంది హద్దు దాటుతారో చూస్తారు. దీన్ని మాంటీ కార్లో పద్ధతి అంటారు.

పళ్ల పరీక్షలోనూ సగటు దాక్కునే ఉంది. అమెరికాలో హెచ్. ట్రెండ్లీ డీన్ బృందం 1942లో ప్రచురించిన పరిశోధనలో 21 నగరాల నుంచి 12–14 ఏళ్ల పిల్లలు 7,257 మంది ఉన్నారు. పంటి మచ్చల తీవ్రతకు డీన్ సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు ఇచ్చి, ఊరికంతా సగటు తీసి సూచిక కట్టాడు. సూచిక 0.6 దాటితే ప్రజారోగ్య సమస్యగా చూడాలన్నాడు. నూరుమంది పిల్లల్లో అరవై మందికి కనీకనిపించని తెల్లటి చారలు ఉండి ఒక్కో మార్కు వచ్చినా సూచిక 0.6. ఎనభై అయిదు మంది శుభ్రంగా ఉండి, పదిహేను మంది పళ్లు గోధుమరంగు తిరిగి గుంటలు పడి నాలుగేసి మార్కులు వచ్చినా 0.6. రెండో ఊళ్లో ఆ పదిహేను మందీ ఒకే బోరు పిల్లలై ఉండే అవకాశం ఎక్కువ. సూచిక చూసినవారికి ఆ బోరు కనబడదు.

ఒకే బోరు పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. పది ఊళ్లలో ఊరికి యాభై మంది చొప్పున అయిదు వందల మందిని పరీక్షించామనుకోండి. ఒకరి నోట విన్న మాటనే యాభై మంది తిరిగి చెబితే యాభై సాక్ష్యాలు కావు. ఒకే నీరు తాగిన పిల్లలు కూడా అంతే. ఒకే ఊరి పిల్లల మధ్య పోలిక (సున్నా అంటే ఏ పోలికా లేదు, ఒకటి అంటే అందరూ అచ్చం ఒకటే) 0.2 స్థాయిలో ఉంటే, గణాంక సూత్రం ప్రకారం ఆ అయిదు వందల మంది ఇచ్చే సమాచారం వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన 46 మంది ఇచ్చే సమాచారంతో సమానం. పెద్ద సంఖ్య చూసి ధీమా పడకూడదు. ఊరికి పిల్లలను పెంచడం కన్నా ఊళ్లను పెంచడమే మేలు.

1970లలో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరోసిస్ ప్రాంతాల యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వర్ణించి, జొన్న తిండికి దానితో సంబంధం ఉందేమోనని పరిశీలించారు. జొన్న తినేవారు ఎండలో పనిచేసే పేదలు కూడా. నీరు ఎక్కువ తాగుతారు, పాలు తక్కువ తాగుతారు. ఏ కారణం వాటా ఎంతో విడదీయడానికి అన్నింటినీ ఒకే సమీకరణంలో పెట్టే రిగ్రెషన్ ఉంది. కానీ పరిశోధకుడు అడగని ప్రశ్నకు ఏ సమీకరణమూ జవాబు ఇవ్వలేదు. పాల గురించి అడగకపోతే పాల వాటా కూడా జొన్న ఖాతాలోనే పడుతుంది.

ఇప్పుడు మన ముందున్న ప్రశ్న నల్లా నీళ్లది. మిషన్ భగీరథతో కృష్ణా జలాలు ఊళ్లకు వచ్చాయి. ఫలితం ఎలా కొలవాలి? పెద్దల ఎముకల్లో కొలిస్తే తేలదు. ఒంట్లో ఉన్న ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలోనే ఉంటుంది. ఎముకల నుంచి బయటికి రావడానికి ఏళ్లు పడుతుంది. మూత్రపరీక్ష ఇటీవలి నీటి గురించే చెబుతుంది. పంటి పింగాణీ మాత్రం తేదీ వేసినట్టు ఉంటుంది. ముందుపళ్ల పింగాణీ పుట్టిన కొన్ని నెలల నుంచి నాలుగయిదేళ్ల లోపు తయారవుతుంది; ఆ తర్వాత ఏ నీరు తాగినా ఆ మచ్చ రాదు, వచ్చిన మచ్చ పోదు. శాశ్వత ముందుపళ్లు ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య పైకి వస్తాయి. కాబట్టి నల్లా వచ్చాక పుట్టిన పిల్లల నోళ్లు ఇప్పుడే మాట్లాడటం మొదలుపెట్టాయి.

ఒకే ఇంట్లో నల్లాకు ముందు పుట్టిన అక్కనూ, తర్వాత పుట్టిన తమ్ముణ్నీ పోల్చడం నాకు తెలిసిన పద్ధతుల్లో మేలైనది. తిండి, ఆదాయం, వంటగది ఇద్దరికీ దాదాపు ఒకటే, కాబట్టి అవి లెక్కలోంచి వాటంతట అవే కొట్టుకుపోతాయి. అరవై ఇళ్లు చూశామనుకోండి. 34 ఇళ్లలో ఇద్దరి పళ్లూ ఒకేలా ఉన్నాయి. తేడా ఉన్న 26 ఇళ్లలో 22 చోట్ల పెద్దబిడ్డ పళ్లే ఎక్కువ చెడ్డాయి, 4 చోట్ల చిన్నబిడ్డవి. నీటి మార్పు ఏ ప్రభావమూ చూపకపోయి ఉంటే, 26లో 22 లేదా అంతకు మించి పెద్దబిడ్డ వైపే పడే అవకాశం సుమారు 3,750లో ఒకటి. ఇది కాగితం పెన్నుతో కట్టగల లెక్క. పిల్లల పళ్లను ఒకే వయసులో ఫోటో తీసి, ఎవరు ముందు పుట్టారో తెలియని దంతవైద్యుల చేత మార్కులు వేయించాలి. పుట్టిన నెల, ఆ వీధికి నల్లా నీరు క్రమంగా రావడం మొదలైన నెల, బిడ్డ అయిదేళ్ల లోపు పొలం బోరు నీళ్లు తాగిందా, వంటకు ఏ నీళ్లు వాడారు, ఏ టూత్‌పేస్టు వాడారు అన్నవి తల్లిని అడిగి రాసుకోవాలి. బడి పిల్లల ఆరోగ్య పరీక్షల కాగితాల్లో ఈ గడులు చేర్చడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.