ఎలుక మెదడులో మ్యాపు ఎక్కడుందో తేలడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది

మా అనంతపురం సైడు సెనక్కాయ మూటలు ఇంట్లో పెట్టుకున్నోళ్ళని ఎవర్నైనా అడగండి, ఒక బొక్క మూసేస్తే ఎలుక ఇంకో పక్కనుంచి వచ్చి మళ్ళీ అదే మూట దగ్గర తేలుతుందని చెప్తారు. రైతుకి ఇందులో వింతేం లేదు గానీ సైన్సులో మాత్రం దీని మీద చానా పెద్ద వాదనే నడిచింది.

1920ల్లో, 30ల్లో అమెరికా సైకాలజీలో గట్టిగా చెలామణీ అయిన మాట ఏందంటే, ఎలుకకి లోపల ఆలోచనంటూ ఏం లేదు, కుడికి తిరిగితే తిండి దొరికింది కాబట్టి మళ్ళీ కుడికే తిరుగుతుంది, అంతా అలవాటే అని. బర్క్‌లీ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ టోల్మన్ అనే సైకాలజిస్టు దీన్ని ఒప్పుకోలేదు. 1930లో ఆయనా, హాంజిక్ అనే ఇంకొకాయనా కలిసి కొన్ని ఎలుకల్ని చిక్కుదారుల్లో పది రోజులు ఊరికే తిరగనిచ్చారు, చివర తిండేం పెట్టలేదు. పదకొండో రోజు పెట్టారు. ఆ మర్నాటికే అవి మొదట్నుంచీ తిండి దొరికిన ఎలుకలతో సమానంగా దారి పట్టేశాయి, అంటే అన్ని రోజులూ లోపల నేర్చుకుంటూనే ఉన్నాయన్నమాట. 1948లో టోల్మన్ దీన్ని మెదడులో ఉండే మ్యాపు అన్నాడు, కానీ అది మెదడులో యాడుందో ఆయన చూపించలేకపోయాడు.

మధ్యలో ఇంకో సంగతి జరిగింది. 1953లో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి ఫిట్స్ తగ్గాలని ఆపరేషన్ చేసి మెదడు లోపల రెండు పక్కలా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చానా మటుకు తీసేశారు, ఆ తర్వాత ఆయనకి కొత్త సంగతులు గుర్తుండడం ఆగిపోయింది. దాంతో జ్ఞాపకం మీద పని చేసేవాళ్ళ చూపు హిప్పోక్యాంపస్ మీద పడింది.

అసలు మలుపు 1971లో, లండన్‌లో. జాన్ ఓకీఫ్, డొస్ట్రోవ్‌స్కీ అనే ఇద్దరు సైంటిస్టులు తిరుగుతున్న ఎలుక హిప్పోక్యాంపస్‌లోకి సన్నటి వైర్లు పెట్టి వింటే, ఎలుక ఒక్కో చోటికి వచ్చినప్పుడే ఒక్కో కణం మోగింది, అంటే కరెంటు సిగ్నల్ ఇచ్చింది. మన ఊర్లో అయితే టవర్‌క్లాక్ దగ్గరికి రాగానే ఒక కణం, సప్తగిరి సర్కిల్‌కి రాగానే ఇంకోటి మోగినట్టు. వాటికే ప్లేస్ సెల్స్ అని పేరు. మొదట్లో చానామంది నమ్మలేదు.

నాకు అన్నిటికంటే నచ్చేది రిచర్డ్ మోరిస్ నీళ్ళ తొట్టి. నీళ్ళు తెల్లగా చేసి లోపల ఒక చిన్న దిమ్మె దాచాడు, మామూలు ఎలుక కొన్నిసార్లు ఈదాక గదిలోని గుర్తుల్ని బట్టి ఏ మూల నుంచి వదిలినా నేరుగా దిమ్మె దగ్గరికే పోతుంది. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నది దాని కోసం తిరుగుతూనే ఉంటుంది, కానీ దిమ్మె పైకి కనిపిస్తే అది కూడా పోగలదు. అంటే కళ్ళూ కాళ్ళూ బాగానే ఉన్నాయి, చోటు గుర్తే పోయింది. 1982లో వచ్చిన ఈ ఫలితం తర్వాత కాదనడం కష్టమైంది.

2005లో నార్వేలో మోసర్ దంపతుల ల్యాబ్ హిప్పోక్యాంపస్ పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్ అనే భాగంలో గ్రిడ్ సెల్స్ కనుక్కుంది, ఇవి ఒక్క చోట కాకుండా సమాన దూరాల్లో ఉండే చానా చోట్ల మోగే కణాలు, 2014లో ఓకీఫ్‌తో పాటు ఆ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బులో ముందుగా దెబ్బతినే చోట్లలో హిప్పోక్యాంపస్, ఎంటోరైనల్ కార్టెక్స్ రెండూ ఉన్నాయి, అందుకే కొందరికి తెలిసిన వీధిలోనే దారి తప్పడం మొదట్లోనే కనబడుతుంది. ఇంట్లో తాతో అవ్వో అట్లా రెండు మూడుసార్లు తప్పిపోతే వయసైపోయిందిలే అని వదిలేయకుండా న్యూరాలజీ డాక్టరుకి చూపించండి.