కాల్‌లో ఆ అర సెకను

రాత్రి ఎనిమిదిన్నర. హైదరాబాద్ నుంచి ఏడుగురం, అమెరికాలోని డాలస్ నుంచి నలుగురు కాల్‌లో ఉన్నాం. అటువైపు లీడ్ "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి మ్యూట్ తీసి మాట మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆయన "సరే, ముందుకెళ్దాం" అన్నాడు. రెండు గొంతులూ కలిసిపోయాయి. "సారీ, మీరు చెప్పండి." "లేదు లేదు, మీరే కానివ్వండి." చివరికి ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు. కొన్నాళ్లకు జరిగిన పనితీరు రివ్యూలో ఆమె పేరు పక్కన "మీటింగుల్లో మాట్లాడదు" అని రాసుంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆమె మాట్లాడటం నేను పక్క సీట్లోంచి విన్నాను.

ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి ఎంతసేపు పడుతుంది? నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ పరిశోధకులు పది భాషల సంభాషణల్లో దీన్ని కొలిచి 2009లో ఫలితాలు ప్రకటించారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఐదో వంతు. డేనిష్ వాళ్లు కాస్త నిదానం, జపనీయులు అందరికన్నా వేగం. కానీ ఏ భాషలోనైనా తేడా సెకనులో చిన్న ముక్కే.

మనసులో ఒక్క పదం తట్టి, అది నోటిదాకా రావడానికే దాదాపు 600 మిల్లీసెకన్లు పడుతుంది. మరి 200లో జవాబెలా వస్తోంది? అవతలి మనిషి మాట ఎక్కడ ముగుస్తుందో వింటూనే అంచనా వేసి, ఆ ముగింపుకు ముందే మన మాట సిద్ధం చేసుకుంటాం కాబట్టి. గొంతు కిందికి దిగడం, చూపు మన వైపు తిరగడం, మాట అందుకోబోయే మనిషి ఊపిరి తీసుకోవడం, ఇవన్నీ మాట చేతులు మారడానికి సాయపడే గుర్తులు. తెలుగులో "ఈ పని రేపటికల్లా పూర్తి చేయ..." దాకా విన్నా "గలను" వస్తుందో "లేను" వస్తుందో తెలియదు. అయినా మనం తడుముకోం. జపనీస్‌లోనూ క్రియ చివరే వస్తుంది, వేగంలో మొదటి స్థానం మాత్రం వాళ్లదే. మనుషులకు ఇంత గొప్ప నేర్పు ఉందని తెలిశాక మామూలు కబుర్లు వింటున్నా నాకు ఆశ్చర్యం వేస్తుంది.

ఇప్పుడు ఈ నేర్పును ఆప్టికల్ ఫైబర్ మీదికి ఎక్కిద్దాం. భూమి మీద అతి దగ్గరి దారిలో కొలిచినా హైదరాబాద్ నుంచి డాలస్ 14 వేల కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఫైబర్ గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెళ్లడానికి 70 మిల్లీసెకన్లు, రానూపోనూ 140. ఎంత డబ్బు పోసినా ఇది తగ్గదు. నిజానికి కేబుళ్లు సముద్రాల అడుగున చుట్టు తిరిగి వెళ్తాయి. పైగా గొంతును ముక్కలు చేసి, కుదించి, సర్వర్ మీదుగా పంపాలి. వెనకబడ్డ ముక్కలు అందేదాకా అటుపక్క కాసేపు ఆగి, వరసలో పేర్చి వినిపించాలి. అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో ముఖాముఖి మాట్లాడుకున్నప్పుడు సగటు విరామం 135 మిల్లీసెకన్లుంటే, జూమ్‌లో 487కి పెరిగింది. దాదాపు అర సెకను!

ఆ అర సెకనులో మన మనసు ఊరికే ఉండదు. ముఖాముఖి కబుర్లలో జవాబు ఆలస్యమైతే దానికో అర్థం ఉంటుంది: ఇష్టం లేదనో, తెలియదనో, ఒప్పుకోవట్లేదనో. ఆ అలవాటుతోనే కాల్‌లో కూడా అవతలి వాళ్లను అంచనా వేస్తాం. జర్మనీ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో కాల్‌కు కావాలనే 1.2 సెకన్ల వరకూ ఆలస్యం కలిపి చూశారు. తప్పంతా లైన్‌దేనని జనం అనుకోలేదు. అవతలి వ్యక్తికి శ్రద్ధ తక్కువని, కలుపుగోలుతనం లేదని అనుకున్నారు. దూరం వల్ల వచ్చిన ఆలస్యాన్ని మనిషి స్వభావం కింద లెక్క కట్టారు. మా టీమ్ అమ్మాయి రివ్యూలోకి ఎక్కింది కూడా అదే.

దీనికి మేం చేసుకున్న ఏర్పాట్లు చాలా చిన్నవి. "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?" అనడం మానేసి, కాల్ నడిపే మనిషి వరసగా పేరు పెట్టి అడుగుతారు. అడిగాక మనసులో మూడు అంకెలు లెక్కపెట్టి గానీ తర్వాతి మాట ఎత్తరు. మొదట్లో ఆ మూడు సెకన్లు మహా ఇబ్బందిగా అనిపించాయి, రెండు వారాల్లో అలవాటైపోయాయి. ప్రశ్నలను కాల్‌కు ముందే అందరికీ కనిపించే డాక్యుమెంట్‌లో రాసుకుంటాం. గొంతు చిన్నదైన వాళ్ల ప్రశ్న కూడా అక్కడ అదే సైజులో కనిపిస్తుంది.

కొత్త ఆలోచనల కోసం వీడియో కాల్ పెట్టడం కూడా తగ్గించాం. దానికి కారణం 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన. ఐదు దేశాల్లోని సుమారు 1,500 మంది ఇంజినీర్లను జంటలుగా కూర్చోబెట్టి చూస్తే, వీడియోలో కలిసిన జంటలకు ఒకే గదిలో కలిసిన వాళ్లకన్నా తక్కువ ఆలోచనలు వచ్చాయి. ల్యాబ్‌లో కళ్ల కదలికలు గమనిస్తే, వీడియోలో ఉన్నవాళ్ల చూపు తెర మీదే అతుక్కుని ఉంది, గదిలో తిరగలేదు. చూపుతో పాటు ఆలోచన కూడా ఇరుకవుతుందని పరిశోధకుల వివరణ. వచ్చిన వాటిలో మంచిదేదో ఎంచుకోవడంలో మాత్రం వీడియో జంటలేమీ వెనకబడలేదు. అందుకే ఆలోచనలు ఎవరికి వారు కెమెరా లేకుండా, నడుస్తూనో కిటికీ దగ్గర నిలబడో రాసుకొస్తారు. ఏరుకోవడానికి కాల్‌లో కలుస్తాం.

అర సెకను కన్నా పెద్ద ఆలస్యం ఇంకొకటుంది: పూట ఆలస్యం. ఉదయం పదకొండుకు నేను "ఆ ఎర్రర్ మళ్లీ వస్తోంది, చూస్తారా?" అని రాస్తాను. డాలస్‌లో అది తెల్లవారాక, మాకు రాత్రయ్యాక చదువుతారు. "ఏ ఎర్రర్?" అని జవాబు. నేను మళ్లీ పొద్దున్నే చూస్తాను. రెండు పదాల ప్రశ్నకు ఒక రోజు పోయింది. "ఆఫ్‌షోర్ వాళ్లు సరిగ్గా చెప్పరు" అని మా మీద, "ఆన్‌సైట్ వాళ్లు పట్టించుకోరు" అని డాలస్ వాళ్ల మీద అసహనాలు ఇక్కడే పుడతాయి.

డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించే డాక్టర్లకు ఈ సమస్య పాతది. అమెరికా, కెనడాలలోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో ఐ-పాస్ అనే అప్పగింత పద్ధతి పెట్టి చూశారు. రోగి పరిస్థితి ఎంత తీవ్రం, ఇప్పటిదాకా ఏం జరిగింది, ఇక ఏం చేయాలి, ఏది వికటించవచ్చు అన్నవి ఒక వరసలో చెప్పాలి. ఆఖరున, విన్నవాళ్లు తమకు అర్థమైంది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఫలితాలు 2014లో వచ్చాయి: వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి, నివారించగలిగిన హాని 30 శాతం తగ్గింది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ ఆఖరి మెట్టు. పని అప్పగించే మా హ్యాండోవర్ నోట్‌లో కూడా ఇప్పుడు అందుకున్నవాళ్లు "నాకర్థమైంది ఇది" అని రెండు లైన్లు రాశాకే టికెట్, అంటే ఆ పని నమోదు, చేతులు మారుతుంది.

మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, మనవి జరగవు. పదకొండున్నర గంటల తేడా పదిన్నరకు తగ్గుతుంది, మా కాల్ రాత్రి ఏడున్నరకే మొదలవుతుంది. ఈ ఏడాది ఆ మార్పుతో పాటే ఇంకొకటి అడిగి ఒప్పించాం: రెండు వారాలకోసారి కాల్ మాకు పొద్దున ఏడున్నరకు, వాళ్లకు రాత్రి తొమ్మిదికి. మొదటిసారి వాళ్లు పిల్లల్ని పడుకోబెట్టి, నిద్ర కళ్లతో వచ్చి కూర్చున్నారు. మర్నాడు డాలస్ నుంచి వచ్చిన నోట్‌లో ప్రతి ప్రశ్న కిందా దానికి కావలసిన స్క్రీన్‌షాట్, లాగ్ (ఏం జరిగిందో సిస్టమ్ రాసుకున్న చిట్టా) ఉన్నాయి. చదివి మేం ఒక్కటి కూడా తిరిగి అడగాల్సిన పని పడలేదు.