మైనస్ 21 వెలుగు

మా వీధిలోకి ఎండుగడ్డి ట్రాక్టర్ వచ్చిందంటే ఎవరిదో ఒకరి కేబుల్ తెగాల్సిందే. ఆ రోజు వంతు మాది. నెట్ బాక్సు మీద ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని అర్థం) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఒకరికి ఆఫీసు మీటింగు, ఒకరికి ఆన్‌లైన్ క్లాసు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. సాయంత్రానికి నెట్ అబ్బాయి వచ్చాడు. స్తంభం దగ్గర తెగిన వైరు అతికించి, లోపలికొచ్చి, బాక్సు వెనకున్న పచ్చ కనెక్టర్ పీకి, చేతిలోని చిన్న మీటరుకు పెట్టి చూశాడు.

"మైనస్ ఇరవై తొమ్మిది చూపిస్తోంది సార్. సరిపోదు. ఇంట్లోనే ఎక్కడో పోతోంది."

ఏం పోతోంది, ఎక్కడికి పోతోంది అని నేను అడిగేలోపే పెన్నులాంటిది ఒకటి తీసి వైరు కొసకు తగిలించాడు. టీవీ అల్మరా వెనక, తెల్ల వైరు మడతపడిన చోట, ఎర్రగా ఒక చుక్క వెలిగింది. కిందటి ఆదివారం ఊడుస్తూ ఆ అల్మరాను గోడకు నెట్టింది నేనే. ట్రాక్టర్‌ను ఇక ఏమీ అనలేకపోయాను.

పదో తరగతి ఫిజిక్స్‌లో మార్కుల కోసం బట్టీ పట్టిన మాటల్లో సగం ఆ ఎర్ర చుక్కలోనే ఉన్నాయి.

ఆ వైరు లోపల ఉండేది రాగి కాదు, కాంతిని మోసే సన్నని గాజు పోగు. దాన్నే ఫైబర్ అంటారు. ముందు ఒక అపోహ సంగతి. "ఫైబర్‌లో డేటా కాంతి వేగంతో వస్తుంది, అందుకే అంత ఫాస్ట్" అని చాలామంది అంటారు. నిజానికి గాజులోకి వచ్చాక కాంతి నెమ్మదిస్తుంది. శూన్యంలో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోయేది, గాజు పోగులో సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. ఎంత నెమ్మదించిందో చెప్పే అంకెనే వక్రీభవన గుణకం అంటారు. ఈ గాజుకు అది దాదాపు 1.47. రాగి తీగలో సంకేతమూ ఇంచుమించు ఇదే వేగంతో పోగలదు. సెల్ టవర్ నుంచి గాలిలో వచ్చే రేడియో తరంగం అయితే వీటికంటే ముందే చేరుతుంది. పరుగు పందెం పెడితే ఫైబర్‌కు మొదటి బహుమతి రాదు.

మరి దాని గొప్పేమిటి? రెండు. మన బాక్సుకు వచ్చే కాంతి సెకనుకు సుమారు 200 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది, కాబట్టి దాని మీద ఎంత సమాచారమైనా ఎక్కించొచ్చు. ఇది ప్రకృతి ఉచితంగా ఇచ్చింది. రెండోది మనిషి చెమటోడ్చి సంపాదించుకున్నది, నాకు దాని కథే ఇష్టం. అది గాజు తేటదనం.

కిటికీ అద్దాన్ని ఎదురుగా చూస్తే అద్దం ఉన్నట్టే తెలియదు. దాన్నే పక్కనుంచి, అంచులోంచి చూడండి, ఆకుపచ్చగా ఉంటుంది. గాజులో కాస్త ఇనుము కలిసి ఉండటం వల్ల ఆ రంగు. నాలుగు మిల్లీమీటర్ల మందంలో కనబడని మురికి, రెండు మూడడుగుల పొడవున చూసేసరికి బయటపడుతుంది. అలాంటి గాజులో కిలోమీటరు దూరం చూడాలంటే?

ఇక్కడ నెట్ అబ్బాయి భాష మనకూ కావాలి. డెసిబెల్, వాళ్ల నోట డీబీ. మూడు డీబీ పోతే వెలుగు సగమవుతుంది. పది డీబీ పోతే పదో వంతు మిగులుతుంది. ఇరవై పోతే నూరో వంతు. గుణించాల్సిన చోట కూడికతో పని కానిచ్చే లెక్క ఇది. 1960ల మొదట్లో మేలురకం గాజులో కూడా మీటరుకు ఒక డీబీ దాకా పోయేది. అంటే 20 మీటర్లు పోయేసరికి వెలుగులో నూటికి ఒక పాలు మిగిలేది.

గాజు పోగుల్లో కాంతిని నడిపించడం అప్పటికి కొత్త కాదు. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ, లండన్ ఇంపీరియల్ కాలేజీలో హెరాల్డ్ హాప్కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్టలోంచి బొమ్మను ఒక కొస నుంచి ఇంకో కొసకు పంపవచ్చని 1954లో చూపించాడు. 'ఫైబర్ ఆప్టిక్స్' అన్న మాట జనంలోకి వచ్చిందీ ఆయన వల్లే. కానీ ఆ కట్ట పొడవు మీటరు కూడా లేదు. కడుపులోకి గొట్టం దించి చూడటానికి అది చాలు, ఊరి నుంచి ఊరికి కబురు పంపడానికి చాలదు.

1966లో ఇంగ్లండ్‌లోని హార్లోలో ఒక టెలికం పరిశోధనశాల నుంచి చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ఒక పత్రం వెలువరించారు. తప్పు గాజుది కాదు, అందులోని ఇనుము, రాగి లాంటి మురికిది అని అందులో వాదన. కిలోమీటరుకు 20 డీబీ కంటే తక్కువ పోయే గాజు తయారైతే టెలిఫోన్ కబుర్లన్నీ కాంతి మీదే పంపొచ్చని లెక్క కట్టారు. అంటే కిలోమీటరు చివర నూరో వంతు మిగిలితే చాలన్నమాట. అప్పట్లో అదీ అత్యాశే. నాలుగేళ్లకు, 1970లో, అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో రాబర్ట్ మౌరర్, డొనాల్డ్ కెక్, పీటర్ షుల్ట్జ్ 17 డీబీకి దించారు. కావోకు 2009లో నోబెల్ వచ్చింది.

ఇప్పటి ఫైబర్‌లో కిలోమీటరుకు పోయేది 0.2 డీబీ. ఆ నూరో వంతు లెక్కలోనే చెప్పాలంటే ఒకప్పుడు 20 మీటర్లు, తర్వాత ఒక కిలోమీటరు, ఇప్పుడు 100 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో ఒక కొసన వెలిగించిన దీపంలో నూరో వంతు దాదాపు నల్గొండలో కనబడుతుంది, మధ్యలో అంతా గాజే!

ఇంత శుభ్రం ఎలా సాధ్యమైంది? ఇసుక కరిగించి కాదు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ అనే ద్రవాన్ని ఆవిరి చేసి, వేడిలో ఆక్సిజన్‌తో కలుపుతారు. తెల్లటి గాజు మసి పేరుకుంటుంది. ఇనుము క్లోరైడ్ అంత తేలిగ్గా ఆవిరి కాదు, కాబట్టి మురికి వెనకే ఉండిపోతుంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కిటుకే ఇది. ఆ మసిని కడ్డీగా కరిగించి, ఎత్తైన టవర్ పైనుంచి సుమారు 2000 డిగ్రీల వేడిలో పాకంలా కిందికి సాగదీస్తే వచ్చేదే పోగు. గాజు భాగం మందం 125 మైక్రోమీటర్లు, తలవెంట్రుక కంటే కాస్త లావు. నిజంగా కాంతిని మోసేది దాని నడిమధ్యనున్న సుమారు 9 మైక్రోమీటర్ల భాగం. దాన్నే కోర్ అంటారు. చుట్టూ ఉన్నది క్లాడింగ్. కోర్‌లో కొంచెం జెర్మేనియం కలుపుతారు, దానితో వక్రీభవన గుణకం వెయ్యికి మూడు నాలుగు పాళ్లు పెరుగుతుంది.

ఆ కాస్త తేడాతోనే సంపూర్ణాంతర పరావర్తనం జరుగుతుంది. పేరు పలకడానికే ఊపిరి బిగబట్టాలి గానీ విషయం చిన్నదే. గుణకం ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటుకు కాంతి బాగా ఏటవాలుగా వెళ్లబోతే, సరిహద్దు దాటలేక మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు మీద ఎండమావిలో నీళ్లలా మెరిసేది ఆకాశం నుంచి ఇలా మళ్లిన వెలుగే. ఎంత ఏటవాలుగా రావాలో చెప్పేది సందిగ్ధ కోణం, దాన్ని సరిహద్దుకు లంబంగా గీసిన గీత నుంచి కొలుస్తారు. గాజు నుంచి గాలిలోకైతే 42 డిగ్రీలు దాటితే చాలు, కోర్ నుంచి క్లాడింగ్‌లోకైతే సుమారు 85 డిగ్రీలు దాటాలి. గోడను దాదాపు రాసుకుంటూ పోయే కిరణమే లోపల నిలుస్తుంది.

పుస్తకాల్లో దీన్ని వంకరటింకర గీతగా, కిరణం గోడలకు కొట్టుకుంటూ పోతున్నట్టు వేస్తారు. ఆ బొమ్మ మీద నాకో ఫిర్యాదు ఉంది. లావు పోగుకు అది పనికొస్తుంది. మన ఇంటికొచ్చే పోగులో కోర్ 9 మైక్రోమీటర్లే, కాంతి తరంగదైర్ఘ్యమేమో ఒకటిన్నర మైక్రోమీటర్లు. అంత ఇరుకులో కిరణం, గోడ అన్న మాటలకు పెద్దగా అర్థం ఉండదు. కాంతి ఒకే ఒక్క రూపంలో, కోర్ అంతా నిండి, కొంత క్లాడింగ్‌లోకి కూడా పొర్లుతూ సాగుతుంది. సింగిల్ మోడ్ అని వైరు మీద ఉండేది అందుకే. ఇలా పొర్లే భాగమే మడత దగ్గర కొంప ముంచుతుంది. వైరు మరీ వంగితే, వంపు బయటివైపున్న కాంతి లోపలివైపు కాంతితో కలిసి నడవలేక జారిపోతుంది. మామూలు పోగును మూడు సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా చుట్టకూడదు. ఇళ్లకోసం ప్రత్యేకంగా చేసినవి సెంటీమీటరు దాకా ఓర్చుకుంటాయి. నేను అల్మరాతో నొక్కింది ఏ రకమూ ఓర్వలేనిది.

నెట్ అబ్బాయి పెన్నులోది ఎర్ర కాంతి, తరంగదైర్ఘ్యం సుమారు 650 నానోమీటర్లు (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రోమీటరు). డేటా తెచ్చేది మాత్రం 1490, బాక్సు నుంచి తిరిగి పోయేది 1310. రెండూ పరారుణమే, కంటికి ఆనవు. వెలుగు కంటికి కనబడేదైతే పనులన్నీ సులువయ్యేవి కదా, ఎందుకు కనబడనిది ఎంచుకున్నారు? జవాబు ఆకాశంలో ఉంది. గాజు ఎంత శుభ్రమైనా, చల్లబడి గట్టిపడేటప్పుడు అణువుల అమరికలో హెచ్చుతగ్గులు మిగిలిపోతాయి. వాటికి తగిలి కాంతి చెదిరిపోతుంది, దీన్నే పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం రెట్టింపైతే ఇలా చెదరడం పదహారో వంతుకు పడిపోతుంది. గాలిలో నీలం ఎక్కువ చెదిరి ఆకాశం నీలమైంది, పొద్దు గుంకేటప్పుడు చెదరకుండా మిగిలింది ఎరుపు. అదే దారిలో ఎరుపును దాటి ఇంకా ముందుకు పోతే 1550 వస్తుంది. 650తో పోలిస్తే అక్కడ చెదరడం ముప్పయ్యో వంతు. ఇంకా ముందుకు పోతే గాజే కాంతిని మింగడం మొదలెడుతుంది, అందుకే అక్కడ ఆగారు. ఎర్ర పెన్ను నాలుగైదు కిలోమీటర్లకే నీరసపడటానికీ కారణం ఈ చెదరడమే.

చెదరడం అంటే మన విశాఖపట్నం గుర్తు రావాలి. సి.వి. రామన్ బాల్యం, చదువు మొదలైంది ఆ సముద్రం పక్కనే. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలం చూసి, అది ఆకాశపు నీడ మాత్రమే కాదని, నీటి అణువులే కాంతిని చెదరగొడుతున్నాయని ఆయన తేల్చాడు. 1928లో, చెదిరిన కాంతిలో కొంత రంగు మారుతుందని కనిపెట్టాడు. అదే ఈనాడు దూరప్రాంత ఫైబర్లలో పనిచేస్తోంది. 1450 దగ్గర బలమైన లేజర్ కాంతిని పంపితే, గాజులో రామన్ ప్రభావం వల్ల దాని శక్తి 1550 దగ్గర అలసిపోయిన సంకేతానికి అంది, దారిలోనే దానికి బలం వస్తుంది.

చాలామంది అడిగే ఇంకో సంగతి. టీవీ రిమోట్ నొక్కి ఫోన్ కెమెరాలో చూస్తే లైటు వెలగడం కనబడుతుంది కదా, ఫైబర్ కొసనూ అలా చూడొచ్చా? కనబడదు. కెమెరాలో ఉండేది సిలికాన్. సుమారు 1100 నానోమీటర్లు దాటిన కాంతికణంలో, అంటే ఫోటాన్‌లో, సిలికాన్‌లోని ఎలక్ట్రాన్‌ను లేపేంత శక్తి ఉండదు. రిమోట్ కాంతి 940 దగ్గర ఉంటుంది కాబట్టి చిక్కింది. నెట్ బాక్సులో అందుకే వెలుగును కరెంటుగా మార్చడానికి ఇండియం గాలియం ఆర్సెనైడ్ అనే వేరే పదార్థంతో చేసిన ఫోటోడయోడ్ పెడతారు. కనబడలేదు కదా అని కొసను కంటి దగ్గర పెట్టుకోవడం మాత్రం వద్దు, అది లేజర్.

కనెక్టర్ పచ్చరంగు అందానికి కాదు. గాజు, గాలి కలిసే చోట నూటికి నాలుగు పాళ్ల కాంతి వెనక్కి తిరుగుతుంది, వచ్చిన దారినే పోయి అవతలి లేజర్‌ను చికాకు పెడుతుంది. పచ్చదానిలో గాజు కొసను 8 డిగ్రీల వాలుగా అరగదీస్తారు, తిరిగిన కాంతి దారి తప్పి క్లాడింగ్‌లో కలిసిపోతుంది. నీలం కనెక్టర్‌లో ఈ వాలు ఉండదు. పచ్చదాన్ని నీలందానిలో గుచ్చితే రెండు గాజు కొసలూ సరిగా ఆనవు, వెలుగు సగం అక్కడే పోతుంది.

మడతపడిన ముక్కను కోసేసి, టీపాయ్ మీదే జాయింట్ వేశాడు అతను. పై తొడుగు ఒలిచి, స్పిరిట్ దూదితో తుడిచి, క్లీవర్‌లో పెట్టి టిక్కుమనిపించాడు. అది పోగును కోయదు, గీత పెట్టి విరుస్తుంది, కొస అద్దంలా వస్తుంది. రెండు కొసలనూ మెషిన్‌లో పెడితే తెర మీద రెండు దూలాల్లా కనబడ్డాయి. కోర్‌కు కోర్ తనంతట తానే సరిచేసుకుంది. చిన్న నిప్పురవ్వ, గాజు కరిగి ఒకటైంది. తెర మీద 0.02 డీబీ అని పడింది.

మీటర్ ఈసారి మైనస్ 21 చూపింది. ఇదీ డీబీ లెక్కే, సున్నా అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 21 అంటే అందులో సుమారు 125వ వంతు. అవతల బయలుదేరేటప్పుడు రెండు మిల్లీవాట్ల వెలుగు ఉంటుంది. దారిలో స్ప్లిటర్ అనే చిన్న గాజు ముక్క దాన్ని 32 ఇళ్లకు పంచుతుంది, పోయేదాంట్లో పెద్ద వాటా ఆ పంపకానిదే. స్ప్లిటర్‌కు మనిషి తెలియదు కాబట్టి పక్కింటివాళ్ల డేటా కూడా మా ఇంటికి వస్తుంది. తాళం వేసి ఉంటుంది, మా బాక్సు తనది కానిదాన్ని వదిలేస్తుంది.

ఆ కాస్త వెలుగులోనే సెకనుకు సుమారు 60 లక్షల కోట్ల ఫోటాన్లు ఉంటాయి. లైను మీద సెకనుకు వచ్చే బిట్లు దాదాపు 250 కోట్లు. భాగిస్తే ఒక్కో బిట్‌కు సగటున 24 వేల ఫోటాన్లు. మైనస్ 29 అప్పుడు అవి నాలుగు వేలకు పడిపోయి ఉంటాయి, ఒకటేదో సున్నా ఏదో పోల్చుకోలేక బాక్సు ఎర్ర లైటు కొట్టుకుంది.

అతను వెళ్లబోతూ విరిగిన పోగు ముక్కల కోసం నేల మీద టేపు అద్ది అద్ది తీస్తున్నాడు. నాకైతే అక్కడ ఏమీ కనబడలేదు. అదే మాట అన్నాను.

"కంటికి కనబడవు సార్, కాలికి తెలుస్తాయి," అన్నాడు.