ముత్యాలమ్మ మీద కేసు వెనక ముప్పయ్యేళ్ల చట్టం

కథారచయిత రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఇవాళ చేతికి తీసుకున్న కుర్రాళ్లకి మొదటి పేజీల్లోనే ఒక తికమక ఎదురవుతుంది. సందుకో మద్యం దుకాణం ఉన్న విశాఖపట్నంలో, సారా సీసా దొరికిందని ఓ పేద మనిషిని కోర్టు బోనెక్కించడం ఏమిటి? కథల్లో దీనికి జవాబు దొరకదు. 1960ల మొదట్లో వాటిని చదివిన విశాఖవాళ్లకి అది చెప్పాల్సిన సంగతే కాదు. వాళ్లు బతుకుతున్నదే మద్యనిషేధ చట్టం కింద.

దాని పుట్టుక మనూళ్లో కాదు, సేలంలో. 1937లో మద్రాసు రాష్ట్రంలో గద్దెనెక్కిన రాజాజీ మంత్రివర్గం మద్యనిషేధ చట్టం చేసి, ఆ ఏడు అక్టోబరు 1న సేలం జిల్లాతో మొదలుపెట్టింది. ఆబ్కారీ రాబడి, అంటే మద్యం మీద వచ్చే ఆదాయం, పోతే ఖజానాకి పడే గండిని పూడ్చడానికి 1939లో అమ్మకం పన్ను తెచ్చారు. ఈరోజు బిల్లు కింద చూసి విసుక్కునే పన్నుకి అదీ ఓ ముత్తాతే. యుద్ధకాలంలో నిషేధం అటకెక్కింది. 1946లో ప్రకాశం పంతులుగారు ప్రధానిగా (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే పిలిచేవారు) ఉన్న మంత్రివర్గం దాన్ని మళ్లీ కిందికి దించింది. 1948 నాటికి రాష్ట్రమంతా, దాంతోపాటు విశాఖ జిల్లా కూడా, ‘పొడి’ అయిపోయింది.

అయింది కాగితం మీద. సారాకి కావలసింది బెల్లం, కుండ, పొయ్యి. ఆనాటి విశాఖ జిల్లాలో బెల్లానికి కొరతేమిటి? అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పేరున్నది. కొండమీద ఇప్పపువ్వు ఉండనే ఉంది. కింద రేవు, షిప్‌యార్డు, రైల్వే, పొద్దంతా బరువులు మోసి సాయంత్రానికి ఒళ్లు హూనమైన వేలమంది కూలీలు. ఒకవైపు సరుకు, మరోవైపు గిరాకీ, నడుమ ఓ నిషేధం. ఆ నడుమ చోటులోనే, ఈ కథల్లో సారా అమ్ముకునే ముత్యాలమ్మలాంటి వాళ్లకి నాలుగు డబ్బులు దొరికేవి.

అలవాటున్న దొరలకీ విదేశీయులకీ పర్మిట్లుండేవి. అంటే తాగడం అందరికీ నేరమని చట్టం కూడా అనలేదు. ఎవరు తాగుతున్నారన్నది చూసింది.

కథలతో పోల్చి చూడవలసిన అసలు సంగతి కేసు కట్టే తీరులో ఉంది. దొంగతనం కేసులో సొమ్ము పోయినవాడుంటాడు, కొట్లాట కేసులో దెబ్బ తిన్నవాడుంటాడు. సారా కేసులో ఫిర్యాది ఎవరూ లేరు. సీసా దగ్గరుండడమే నేరం. పట్టుకున్నదీ పోలీసే, రాసిందీ పోలీసే, కోర్టుకొచ్చి చెప్పేదీ పోలీసే. పక్కన సంతకం పెట్టే ఇద్దరు మధ్యవర్తులు కూడా తరచూ స్టేషనుకి తెలిసినవాళ్లే. సీసా ఎవరి ఇంట్లో దొరికిందని రాస్తే కేసు వాళ్ల మీద నిలబడుతుంది. అలాంటి చోట మామూళ్లు పుట్టకపోతేనే వింత. ‘మాయ’ కథలో ముత్యాలమ్మ కోర్టునీ, పోలీసునీ, ప్లీడర్లనీ కలిపి కడిగేస్తుంటే అది రచయిత ఆవేశమని కొందరంటారు. నాకలా అనిపించదు. రావిశాస్త్రి విశాఖ కోర్టుల్లో ప్లీడరు. అలాంటి క్లయింట్ల కేసులు వాదించినవాడు. అతిశయోక్తి ఉంటే ఆవిడ నోటి జోరులో ఉందేమో గానీ చెప్పిన విషయంలో లేదు.

ఆ విషయం సర్కారుకి తెలియనిదీ కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. ఆర్థిక శాఖ చూసింది మన విశాఖ వకీలు, ఇప్పుడు సముద్రం పక్కన పార్కుకి పేరైన తెన్నేటి విశ్వనాథం. కొత్త రాష్ట్రం చేతిలో డబ్బు లేదు. పైగా నిషేధం అమలు తీరు నవ్వులపాలవుతోంది. రిటైరైన ఐసీఎస్ (బ్రిటిష్ కాలపు సివిల్ సర్వీసు) అధికారి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన వేసిన కమిటీ, నిషేధం విఫలమైంది, ఎత్తెయ్యండి అని సిఫారసు చేసింది. ప్రభుత్వం అందుకు సిద్ధపడలేదు. గాంధీ పేరు చెప్పుకునే పార్టీకి అది మింగుడుపడే మాట కాదు మరి. ఈలోగా తాటిచెట్టు ఎక్కడమే నేరమై కూడు పోయిన గీతపనివాళ్లు కదిలారు. వాళ్ల వెనక శ్రీకాకుళం జిల్లా నాయకుడు గౌతు లచ్చన్న నిలబడ్డారు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. 1946లో నిషేధాన్ని మళ్లీ ఎత్తుకున్న మనిషే 1954లో దానికి బలయ్యారు.

ప్రభుత్వం పోయింది గానీ చట్టం పోలేదు. 1956లో తెలంగాణ కలిశాక విచిత్రం ఇంకా ముదిరింది. నిజాం కాలం నుంచీ ఆబ్కారీ రాబడికి అలవాటుపడ్డ ఆ ప్రాంతంలో దుకాణాలు దర్జాగా నడిచాయి. ఆంధ్ర జిల్లాల్లో మాత్రం నిషేధం. హైదరాబాదులో కొనుక్కుని తాగితే ఖజానాకి ఆదాయం, విశాఖలో దగ్గరుంచుకుంటే జైలు. ఒకే రాష్ట్రం, ఒకే ముఖ్యమంత్రి. సారా కథలు వచ్చింది ఈ రోజుల్లోనే. కమిటీ ఏనాడో తేల్చిన సంగతినే రావిశాస్త్రి ఏడెనిమిదేళ్ల తర్వాత మళ్లీ చెబుతున్నారన్నమాట. కాకపోతే కమిటీ చూసింది చట్టం పనిచేస్తోందా లేదా అని. ఆయన అడిగింది అది ఎవరికి పనిచేస్తోందని.

చరిత్రకీ కథలకీ సరిపడని చోటు కూడా ఒకటుంది, దాన్ని దాటెయ్యకూడదు. ప్రభుత్వాన్ని కూల్చింది పల్లెల్లోని గీతపనివాళ్లు. వాళ్లకి కులం అండ ఉంది, నాయకుడున్నాడు, ఓట్లున్నాయి. కథల చూపు మాత్రం పట్నం మీద, కోర్టు వరండాలో పడిగాపులు పడే మనుషుల మీద. సారా అమ్ముకునే ఆడదాని కోసం అసెంబ్లీలో ఏ తీర్మానమూ రాలేదు. కథల్ని ఆ కాలానికి నిలువుటద్దమనుకుంటే లచ్చన్న వెనక నడిచిన జనం కనిపించకుండా పోతారు. అసెంబ్లీ చర్చలొక్కటే చదివితే ముత్యాలమ్మ కనిపించదు.

1968లో ఎక్సైజు చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో నిషేధం కథ ముగిసి, సారా అమ్మే హక్కుకి వేలం పాటల కథ మొదలైంది. కాంట్రాక్టరు సారా అయితే సక్రమం, పెరట్లో కాచింది అక్రమం. పెరటి పొయ్యి మీద దాడులు ఎప్పటిలాగే సాగాయి.

ఇక్కడే నేటి పాఠకుడు ఇంకో పొరపాటు పడే అవకాశముంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారాని ఊళ్లోకి రానివ్వలేదు. ఆ ఉద్యమం ఊపుకి 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. మరి ముత్యాలమ్మ పక్షాన నిలబడ్డ రచయిత ఈ ఆడవాళ్లకి ఎదురు నిలిచినట్టా? కాదు. దూబగుంటవాళ్లు తరిమింది పెరట్లో కాచిన సారాని కాదు, సర్కారు అండతో కాంట్రాక్టరు ప్యాకెట్లలో గడపలోకి దింపిన సారాని. రెండుచోట్లా అవతలి పక్షాన ఉన్నది ఒకటే ఖజానా, ఒకటే స్టేషను. 1995 నాటి నిషేధం రెండేళ్లు నిలిచి 1997లో సడలింది. అందుకు సర్కారు చెప్పిన కారణాల్లో రాబడి లోటూ ఉంది, దొంగసారా కూడా ఉంది.